ముప్పై ఒకటో లాప్‌టాప్

ఆ వానాకాలం నా మోటార్ వైండింగ్ షెడ్డులోకి ముప్పై నాలుగు చచ్చిన లాప్‌టాప్‌లు వచ్చాయి. తెచ్చింది మా అమ్మాయి. నన్ను అడగలేదు. అడిగితే వద్దంటానని తెలుసు.

ట్రాలీ ఆటో గుమ్మం ముందు ఆగింది. టార్పాలిన్ మీద వాన టపటపా కొడుతోంది. అమ్మాయి ముందు సీట్లోంచి దూకి, "నాన్నా, ఆ పెద్ద మోటారు కాస్త పక్కకి జరుపు, చోటు కావాలి," అంది.

"ఏంటవి?"

"నర్సుల ట్రైనింగు స్కూలు లాప్‌టాప్‌లు. కప్పు కారి బీరువాలోకి నీళ్ళు దిగాయి. కొన్ని అంతకుముందే మూలన పడ్డాయి."

"అయితే పాత సామాన్లవాడికి వెయ్యక ఇక్కడికెందుకు?"

"పదమూడు రోజుల్లో ముప్పై బాగుచేసి ఇస్తానని పెద్ద సిస్టర్‌కి మాటిచ్చాను."

"పదమూడు రోజుల్లో మూడు మోటార్లు చుట్టి ఇవ్వడానికే నా నడుం విరుగుతుంది."

"అందుకే నీకు చెప్పలేదు," అంది, బరువైన అట్టపెట్టె ఒకటి నా చేతుల్లో పెట్టి.

విషయం ఇది. ఆ స్కూల్లో ముప్పైమంది ఆఖరి ఏడాది పరీక్ష రాయాలి. పరీక్ష కంప్యూటర్ మీదే. రెండు రోజుల ముందు అధికారులు వచ్చి లెక్క చూస్తారు. పనిచేసే మిషన్లు ముప్పై ఉండాలి. ఒక్కటి తగ్గినా సెంటరు రద్దు. పరీక్ష మళ్ళీ ఏడాదికే. పెద్ద సిస్టర్ అంటే ఆ స్కూలు పెద్ద. కొత్తవి ఇప్పించమని ఆవిడ పైవాళ్ళకి రాస్తే, కప్పు బాగుచేయించుకున్నాక అడగండి అని జవాబిచ్చారట. కప్పు బాగుచేయించమని అంతకుముందే మూడుసార్లు రాసింది.

ఆటో వెనకాల అట్టపెట్టెలు పడిపోకుండా రెండు చేతులూ చాచి ఒకామె కూర్చుని ఉంది. తల మీంచి నీళ్ళు కారుతున్నాయి. ముప్పై అయిదేళ్ళుంటాయి, ఇద్దరు పిల్లల తల్లి. స్కూల్లో అందరూ ఆమెకన్నా పదిహేనేళ్ళు చిన్నవాళ్ళు. వాళ్ళు అక్కయ్య అనేవాళ్ళు, అదే ఆమె పేరైపోయింది. పోయినేడు ఒక పేపరు తప్పింది. ఈ ఏడు కూడా పోతే వయసు దాటిపోతుంది, ఉద్యోగానికి దరఖాస్తు కూడా ముట్టుకోరు.

"బాబాయ్, ఇవి బతుకుతాయా?" అని అడిగింది.

"నన్నడక్కమ్మా. నాది రాగితీగ పని. ఇవి ఆటబొమ్మలు," అన్నాను.

ఆమె మొహం చిన్నబోయింది. చిన్నబుచ్చడం నాకు బాగా వచ్చు.

* * *

మా అమ్మాయి ఒక సర్వీసు సెంటర్లో నాలుగేళ్ళు చేసి, మానేసి వచ్చింది. నా షెడ్డులో ఒక మూల బల్ల వేసుకుంది. వాళ్ళమ్మ ఉండుంటే సంబరపడేది. నేను ఆ బల్లవైపు చూసేవాణ్ణి కాదు. ఇప్పుడు ఎటు చూసినా అవే.

మొదటిది బల్ల మీద పెట్టింది. "ముందు చచ్చిందా, స్పృహ తప్పిందా తేల్చాలి," అంది.

బ్యాటరీ ఊడదీసింది. పవర్ బటన్ అరనిమిషం నొక్కి పట్టుకుంది. లోపల మిగిలిన కరెంటు పోవాలట. తర్వాత ఛార్జరు పెట్టి ఆన్ చేసింది. ఫ్యాను తిరిగిన చప్పుడైంది. తెర మాత్రం నల్లగా ఉంది.

"పోయింది," అన్నాను.

"ఆగు నాన్నా." క్యాప్స్ లాక్ మీట నొక్కింది. దాని పక్కన చిన్న దీపం వెలిగింది. మళ్ళీ నొక్కితే ఆరింది. "పిలిస్తే పలుకుతోంది. అంటే లోపల తెలివిగానే ఉంది, జబ్బు తెరకే." టార్చి తీసి తెర మీద వాలుగా వేసింది. "దగ్గరికొచ్చి చూడు."

కళ్ళజోడు సర్దుకుని వంగాను. ఆ నల్లటి అద్దం లోపల, బావి అడుగున పడ్డ చెంబులాగా, మసగ్గా బొమ్మ ఉంది.

"ఉంది! బొమ్మ ఉంది!" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"బొమ్మ ఉంది, వెనకాల వెలుగు లేదు." మూత కింది అంచు విప్పింది. రిబ్బనులాంటి వైరు ఊడదీసి, తుడిచి, మళ్ళీ నొక్కింది. తెర తెల్లగా వెలిగింది. రెండోదాన్ని నేనే తెచ్చి బల్ల మీద పెట్టాను.

దానికి క్యాప్స్ లాక్ కూడా పలకలేదు. అమ్మాయి అడుగు మూత విప్పి వేలెడు పచ్చ పలక ఒకటి బయటికి లాగింది. "ర్యామ్. ఇది సరిగ్గా కూర్చోకపోతే మిషన్ మొదలే అవదు. నాన్నా, రబ్బరుందా?"

"ఏ రబ్బరు?"

"పెన్సిల్ రాత చెరిపేది."

వేళాకోళం అనుకున్నాను. పక్కింటి పిల్ల పుస్తకాల సంచిలోంచి తెప్పించింది. ఆ పలక అంచున బంగారు రంగు పళ్ళుంటాయి. వాటిని రబ్బరుతో మెల్లగా రుద్దింది, పొడి దులిపింది, టక్కుమనేదాకా లోపలికి నొక్కింది. ఆన్ చేసింది. మిషన్ లేచి కూర్చుంది.

నలభై ఏళ్ళు కరెంటు పని చేశాను. రబ్బరుతో బాగయ్యే జబ్బు ఒకటుందని నాకెవరూ చెప్పలేదు. ఏడో తరగతితో బడి మానేశాక నేను రబ్బరు కొన్నది లేదు. ఆ సాయంత్రం నాలుగు కొన్నాను.

చీకటి పడేలోగా అయిదు లేచాయి.

* * *

నీళ్ళు తాగిన వాటి సంగతి వేరు. అవి పదకొండు. బోర్డు మీద పచ్చగా చిలుం పట్టింది. మర్నాటి నుంచి అక్కయ్య క్లాసు అవగానే వచ్చేది. ఫోర్సెప్సు, స్పిరిట్, దూది తెచ్చుకునేది. పాత పళ్ళబ్రష్షుతో చిలుం గీకి, ఫోర్సెప్సుతో దూది పట్టుకుని మూలమూలా తుడిచేది. ఒక్కో మిషన్‌కీ కేస్ షీటు రాసి దారంతో కట్టింది. "తొమ్మిదో నంబరు: జ్వరం. పది నిమిషాలకి ఆరిపోతుంది. ఫ్యానులో దుమ్ము." "ఇరవయ్యో నంబరు: పొట్ట ఉబ్బు. బ్యాటరీ వెంటనే తీసెయ్యాలి, గుచ్చరాదు." పెద్ద సిస్టర్ ఒకరోజు చూడ్డానికొచ్చి, కేస్ షీట్లు చదివి, "నా వార్డులో ఇంత శుభ్రంగా ఎవరూ రాయరు కదమ్మా," అంది. అక్కయ్య ఆ రోజంతా ఈల వేస్తూనే ఉంది.

తుడిచినవి ఆరాలి. ఎండ లేదు. అమ్మాయి జుట్టు ఆరబెట్టే మిషన్‌తో కుస్తీ పడుతోంది.

"అది పక్కన పడెయ్," అన్నాను. "వార్నిష్ పెట్టె ఉంది కదా."

చుట్టిన మోటారుకి వార్నిష్ పోశాక ఆరబెట్టడానికి నేను చెక్కపెట్టెలో బల్బులు వేలాడదీస్తాను. తలుపు మూస్తే లోపల సమంగా వేడి.

"యాభై డిగ్రీలు దాటకూడదు, బోర్డులు మాడిపోతాయి నాన్నా!"

"పెద్ద బల్బులు తీసి చిన్నవి వేస్తాను. వేడి నాకు తెలుసు. అరచెయ్యి ఆనించి పది అంకెలు లెక్కపెట్టగలగాలి. పదికి ముందే తీసేస్తే ఎక్కువ, పదిహేను దాటితే తక్కువ."

అక్కయ్య నమ్మలేదు. స్కూల్లో నీళ్ళ వేడి చూసే థర్మామీటరు తెచ్చి లోపల పెట్టింది. నేను చెయ్యి ఆనించి పది లెక్కపెట్టాను. ఆమె తీసి చూసింది. "యాభై! సరిగ్గా యాభై! బాబాయ్, మీ చెయ్యి కోసి వార్డులో వేలాడదియ్యాలి."

పదకొండు బోర్డులూ ఒక పగలూ ఒక రాత్రీ ఆ పెట్టెలో ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే ఒక్కొక్కటే బిగించాం. మొదటిది లేచింది. రెండోది లేచింది. మూడోది లేవలేదు. నాలుగోది లేవగానే అమ్మాయి అరిచింది, అక్కయ్య అరిచింది. అరిచిన మూడో గొంతు ఎవరిదా అనుకున్నాను. నాదే. పదకొండులో ఎనిమిది లేచాయి. మూడు మాత్రం చిలుం తినేసి గుల్లయిపోయాయి. అమ్మాయి వాటిని విడిభాగాల పెట్టెలో వేసింది. ముప్పై ఒకటి మిగిలాయి. వాటిలో లేచినవి అప్పటికి పంతొమ్మిది.

ఇంకో ఏడు రోజులుంది. నాకు నిద్రలో కూడా ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

* * *

చేతులు పనిలో ఉన్నా అక్కయ్య నోరు చదువుతూనే ఉండేది. పుస్తకం నాకిచ్చి ప్రశ్నలడగమనేది. నేను కూడబలుక్కుని చదివేవాణ్ణి.

"గుండెపోటు లక్షణాలు," అన్నాను ఒక మధ్యాహ్నం.

"ఛాతీలో బరువు. ఎడమ చెయ్యి లాగడం. చల్లటి చెమట. ఆయాసం. ఆడవాళ్ళలో అయితే ఒక్కోసారి ఇవేవీ ఉండవు బాబాయ్. వట్టి దవడ నొప్పి ఉంటుంది. పంటి నొప్పి అనుకుని మోసపోతారు."

"ఎవరు మోసపోతారు?"

"అందరూ. మేమూ. పోయినేడు నేను తప్పిన పేపర్లో అదే ప్రశ్న. దవడ నొప్పి అని ఇచ్చారు, పళ్ళ డాక్టరు దగ్గరికి పంపాలని రాశాను." నవ్వింది. "రెండేళ్ళు చదివి ఆ పని చేశాను. ఊఁ, తర్వాతది అడగండి."

పుస్తకం మూసి లేచి బయటికి వెళ్ళాను. ఆమె ఏదో తప్పన్నానేమో అనుకుని అమ్మాయివైపు చూసింది. అమ్మాయి స్క్రూలు ఏరుకుంటోంది. తల ఎత్తలేదు.

మా ఆవిడకి మూడేళ్ళ కింద ఒక పొద్దున దవడ నొప్పి మొదలైంది. నేను ఫ్యాక్టరీలో మోటారు దించుతున్నాను. అమ్మాయి సర్వీసు సెంటర్లో ఉంది. ఇంట్లో మా ఆవిడ తమ్ముడున్నాడు. "పంటి నొప్పయ్యుంటుందక్కా," అని మాత్ర ఇచ్చి పడుకోమన్నాడు. పడుకుంది. మళ్ళీ లేవలేదు. ఆ రోజే, జనం అందరి ముందూ, నా గడప తొక్కొద్దని వాడికి చెప్పాను. తొక్కలేదు. క్షమించడం నాకు చేతకాదు. మా బడిలో అది నేర్పలేదు, తర్వాత నేర్చుకునే తీరికా లేదు.

* * *

మర్నాడు అమ్మాయి ఫ్యాన్లూ కీబోర్డులూ కొనడానికి వెళ్ళింది. అక్కయ్యకి వార్డు డ్యూటీ. అప్పటికి ఇరవై రెండు లేచాయి. మిగిలిన తొమ్మిదీ నా ఎదురుగా వరసగా ఉన్నాయి. "వీటిల్లో కొన్నింటికి ఎక్కడో షార్ట్ ఉంది, వచ్చాక చూస్తాను," అని చెప్పి వెళ్ళింది.

షార్ట్! షార్ట్ పట్టుకోవడంలో నన్ను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు. దానికి నా దగ్గర సీరీస్ బల్బుంది. గోడ కరెంటులోంచి ఒక వైరు బల్బు గుండా, ఒకటి నేరుగా. రెండు కొసలూ మోటారుకి ఆనించాలి. బల్బు వెలిగితే లోపల షార్ట్. నలభై ఏళ్ళలో అది నాతో అబద్ధం ఆడలేదు.

అమ్మాయి వచ్చేసరికి తేల్చేసి పెడదామనుకున్నాను. ఆమె మొహం ఎలా వెలుగుతుందో కూడా ఊహించుకున్నాను. మొదటి బోర్డుకి రెండు కొసలూ ఆనించాను. బల్బు వెలిగింది. కాగితం మీద "షార్ట్" అని రాసి అంటించాను. రెండోది. వెలిగింది. మూడోది. వెలిగింది. ఎంత హుషారుగా ఉందో చెప్పలేను. నాలుగోదానికి టిక్కుమని చప్పుడైంది. సన్నగా పొగ లేచింది.

కాలిన వార్నిష్ వాసన నాకు ఇంటి వాసన. ఇది అది కాదు. చేదుగా ఉంది.

వైర్లు చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. అమ్మాయి వచ్చింది. గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చింది.

"ఏంటీ వాసన?"

"నాలుగు చంపాను," అన్నాను.

సంచి కింద పెట్టింది. బల్బు చూసింది, వైర్లు చూసింది. "దీంతోనా?"

"దాంతోనే."

"ఇది రెండు వందల ముప్పై ఓల్టులు నాన్నా. ఆ బోర్డులకి పంతొమ్మిదే ఎక్కువ."

"బల్బు వెలిగింది. షార్ట్ అనుకున్నాను."

"మంచి బోర్డుకి పెట్టినా వెలుగుతుంది, వెలిగించి చస్తుంది." పీట లాక్కుని కూర్చుంది. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ముప్పై ఒకటిలో నాలుగు పోతే ఇరవై ఏడు. ఇద్దరం గోడకి వరసగా పేర్చిన మిషన్లవైపు చూశాం.

తిడుతుందని ఎదురుచూశాను. నా పనివాడెవడైనా ఇలా చేసుంటే మెడపట్టి గెంటేవాణ్ణి. ముగ్గుర్ని గెంటాను కూడా.

"తెలియక చేశావు," అంది. "తెలిసుంటే చేసేవాడివా? లే, చెయ్యి కడుక్కో, వేలు కమిలింది."

ఆ మాట నాకు నచ్చలేదు. తిట్టుంటే బాగుండేది.

కాసేపటికి, "ఇదే రకం మిషన్లు ఎక్కడన్నా ఉంటే బోర్డులు మార్చేయొచ్చు," అని ఆగింది. ఎక్కడున్నాయో తనకి తెలుసు. నాకూ తెలుసు. మా బావమరిది ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు, తర్వాత అందులోనే కంప్యూటర్లు పెట్టాడు. నర్సుల స్కూలు కొన్న ఏడాదే, అదే డీలరు దగ్గర, అదే లాటులో కొన్నాడు. ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. మిషన్లు లోపలే ఉన్నాయి.

"నేను వెళ్ళి మామయ్యని అడుగుతాను," అంది.

"చంపింది నేను," అన్నాను.

* * *

పొద్దున్నే వెళ్ళాను. గొడుగు లేదు. దారి పొడుగునా వాన నా నెత్తినే పడింది. తలుపు తీశాడు. మూడేళ్ళలో జుట్టంతా తెల్లబడింది.

"బావా!"

నేను వాణ్ణి ఏమనీ పిలవలేదు. గోడ మీది కీబోర్డు పటంతో మాట్లాడినట్టు, "ఇక్కడ పాత లాప్‌టాప్‌లు ఉండాలి," అన్నాను.

"ఉన్నాయి. ఆరున్నాయి. తడిసిపోయావు, ఉండు." తువ్వాలు కోసం రెండు గదులూ తిరిగాడు. ఒక్కడే ఉండే ఇల్లు. దండెం మీద ఒకటుంది, అదీ తడిదే. చివరికి టైపు మిషన్ మీది గుడ్డ లాగి ఇచ్చాడు. దాంతోనే తల తుడుచుకున్నాను. సిరా రిబ్బను వాసన వేసింది.

ఎందుకొచ్చావని అడగలేదు. పాతమాట ఎత్తలేదు. ఎత్తితే లేచి వచ్చేద్దామని సిద్ధంగా ఉన్నాను. ఆరు మిషన్లూ బల్ల మీద పరిచాడు. తెరలు పగిలాయి, మూతల కీళ్ళు విరిగాయి, ఒకదాని మీటలు సగం లేవు.

"పిల్లలు వాడిన వాడకం. ఒళ్ళు పాడైంది కానీ లోపల బోర్డులు బాగుండొచ్చు," అన్నాడు.

మాకున్న నాలుగింటికి సరిగ్గా తలకిందులు. చెరో మూడు సంచుల్లో వేసుకుని నడిచాం. షెడ్డు దాకా వచ్చి గడప బయట, చూరు కింద ఆగిపోయాడు.

"మామయ్యా! రా, లోపలికి రా!" అంది అమ్మాయి.

వాడు నావైపు చూశాడు. నేను ఒక మిషన్ అడుగున స్క్రూ విప్పుతున్నాను. తిరుగుతున్న స్క్రూనే చూశాను.

"ఇక్కడ గాలి బాగుందమ్మా," అన్నాడు. చూరు నుంచి నీళ్ళు వాడి భుజం మీద కారుతున్నాయి.

ఆరింట్లో నాలుగు బోర్డులు పలికాయి. ఒక్కొక్కటి పలికినప్పుడల్లా అమ్మాయి గడప దగ్గరికి పరిగెత్తి వాడికి చెప్పొచ్చేది. ఆ నాలుగూ నేను చంపిన వాటి ఒళ్ళల్లోకి వెళ్ళాయి. స్క్రూలన్నీ నేనే బిగించాను.

తర్వాత నాలుగు రోజులూ వాడు వచ్చాడు. గడప బయట పీట వేసుకుని కూర్చునేవాడు. కీబోర్డుల పని వాడిది. బాగైన ప్రతి మిషన్నీ ఒళ్ళో పెట్టుకుని, వానవైపు చూస్తూ, పది వేళ్ళతో టకటకా కొట్టేవాడు. కళ్ళు కిందికి దించేవాడు కాదు. "ఎడమ చిటికెన వేలు కింద మీట సగమే దిగుతోంది," అనేవాడు. విప్పి చూస్తే కింద ఇసుక రేణువుండేది. అక్కయ్య నోరు తెరుచుకుని చూసేది. "బాబాయ్, ఈయన చేతికి కళ్ళున్నాయి, మీ చేతికి థర్మామీటరుంది. ఇంట్లో మామూలు మనిషెవరూ లేరా?"

"లేరమ్మా," అన్నాను.

గడపకి అవతల వాడు నవ్వడం వినిపించింది.

అక్కయ్య కోసమని తెచ్చిన టీలో ఒక గ్లాసు ఎక్కువ పోసి గడప మీద పెట్టాను. ఎవరికని చెప్పలేదు. గ్లాసు ఖాళీ అయింది.

* * *

అధికారులిద్దరు వచ్చారు. గంటసేపు ఆన్ చేసి ఉంచమన్నారు. నేను వరసల మధ్య తిరుగుతూ ప్రతిదాని అడుగునా చెయ్యి పెట్టి చూశాను. ఏదీ పది అంకెల లోపు చుర్రుమనలేదు. ఒకతను లెక్కపెట్టాడు. నమ్మక ఇంకొకతను లెక్కపెట్టాడు. "ముప్పై ఒకటి!" పెద్ద సిస్టర్ కాగితం మీద సంతకం పెట్టించుకుని, వాళ్ళు వెళ్ళగానే అమ్మాయిని ఎత్తుకున్నంత పనిచేసింది.

ముప్పై ఒకటోది పెట్టెలో పెట్టాం. దాని ఒళ్ళు స్కూలుది, బోర్డు మా బావమరిదిది.

పరీక్ష రోజు కుండపోత. పరీక్ష జరిగే భవనంలోకి మగవాళ్ళని రానివ్వలేదు. అమ్మాయికి మాత్రం మిషన్లు చూడ్డానికి హాల్లో ఉండనిచ్చారు. ఆవరణకి ఇవతల గేటు గదిలో ముప్పై ఒకటోదాన్ని ఒళ్ళో పెట్టుకుని నేను కూర్చున్నాను. బెంచీకి రెండో చివర వాడు, చేతిలో గొడుగు. రాసిందంతా సర్వర్లో ఉంటుందట. మిషన్ ఆగితే వేరేదాంట్లో మొదలుపెట్టొచ్చు. కానీ పోయిన నిమిషాలు తిరిగివ్వరు. కావాలంటే వరండాలోకొచ్చి టార్చి వేస్తానని అమ్మాయి చెప్పింది.

గంట గడిచింది. గంటన్నర. నేను గడియారం చూస్తున్నాను.

"బావా! టార్చి!"

లేచాను. మిషన్‌ని గుండెకి హత్తుకుని వానలోకి దూకాను. వాడు గొడుగు విప్పుతూ నా వెనకాల పరిగెత్తాడు. మోకాళ్ళ లోతు నీళ్ళు. గొడుగు తెచ్చి నా తల మీద పట్టాడు.

"ఒరేయ్! నా మీద కాదురా, మిషన్ మీద! మిషన్ మీద పట్టు!"

ఆ గొడుగు మిషన్ మీదికి దింపాడు. చుట్టుపక్కల కిటికీల్లోంచి చూసినవాళ్ళకి ఏమనిపించిందో. ఇద్దరు ముసలాళ్ళు నిలువునా తడుస్తూ, మధ్యలో గొడుగు కింద ఒక నల్లటి పలక. ఒకడు జారితే ఇంకొకడు మోచెయ్యి పట్టి లాగుతున్నాడు. వరండా మెట్టు మీద అమ్మాయి చేతులు చాచి నించుంది.

"ఎవరిది?" అని అరిచాను.

"అక్కయ్యది! ఫ్యాను ఆగి వేడెక్కి ఆరిపోయింది!" లాక్కుని లోపలికి పరిగెత్తింది.

వరండా చూరు కింద నిలబడ్డాం. ఆవరణ దాటి వెనక్కి వెళ్ళాలని ఇద్దరికీ తోచలేదు. అద్దం తలుపులోంచి అక్కయ్య వీపు కనిపిస్తోంది. అమ్మాయి మిషన్ పెట్టింది, వైరు గుచ్చింది, బటన్ నొక్కింది. నేను మనసులో లెక్కపెట్టాను. ఒకటి. రెండు. మూడు. తొమ్మిది దగ్గర తెర తెల్లగా వెలిగింది.

పక్కన వాడు గట్టిగా ఊపిరి వదిలాడు. నేను ఒరేయ్ అన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. వాడికి ముందే గుర్తుండి ఉంటుంది. ఇద్దరం తలుపువైపే చూశాం.

గంట కొట్టాక అమ్మాయిలంతా తూనీగల్లా బయటికొచ్చారు. అక్కయ్య అందరినీ తోసుకుంటూ వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహం నవ్వుతోంది.

"నాలుగు నిమిషాలే పోయాయి బాబాయ్! మొత్తం రాశాను! ఆ ప్రశ్న మళ్ళీ వచ్చింది!"

"ఏది?"

"దవడ నొప్పిది! ఈసారి తప్పలేదు!" అని పెద్ద సిస్టర్ వైపు పరిగెత్తింది.

ఆమె రెండు నెలల తర్వాత ప్యాసయింది. మా షెడ్డు బోర్డు మీద "మోటార్ వైండింగ్" కింద ఇంకో వరస చేరింది. ఆ రాత నేనే రాయించాను, అమ్మాయిని అడక్కుండా. అవన్నీ తర్వాతి సంగతులు.

అప్పుడు వరండాలో మేమిద్దరమే మిగిలాం. వాడి చొక్కా అంచు నుంచి నీళ్ళు కారి కింద మడుగు కట్టాయి. దవడ అన్న మాట వాడు విన్నాడు.

"ఏం ప్రశ్న బావా?" అన్నాడు.

"ఇంటికెళ్ళాక చెబుతాను."

"ఎవరింటికి?"

"మీ ఇంట్లో తల తుడుచుకోడానికి తువ్వాలు కూడా దొరకదు," అన్నాను. "నడు."